నేను పోయింది ఏ సంవత్సరంలో

మైకు గరగరమని ఒకసారి గొంతు సవరించుకోగానే సునీల్దా చెయ్యి దానంతట అదే మిక్సీ మీట మీదికి పోయింది. పదకొండు వేసవులుగా ఇదే అలవాటు. పొద్దున్నే భూమి దక్షిణపు కొసనున్న నతాలెస్ రేవులో బయల్దేరిన లాంచీ నీటికాకుల గుట్ట దాటి, సముద్ర సింహాలు బోర్లా పడి ఎండ కాచుకునే బండ దాటి, రెండు వైపులా కొండలు దగ్గరికి జరిగి నీళ్లు సిరా నలుపుకి తిరిగే చోటికి రాగానే గైడు పాతకాలం సంగతులు ఎత్తుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఆమె మిక్సీలో పిస్కో సారా, నిమ్మరసం, పంచదార, గుడ్డు తెల్లసొన, గుప్పెడు ఐసుముక్కలు వేసి మీట నొక్కుతుంది. పోయిన ఏటి గైడు, అంతకు ముందేటి గైడు, ఇప్పటి ఈ రెనాతో అనే కుర్రాడు, అందరి చేతుల్లోనూ ఒకటే కాగితం. ఆ కాగితం మొదలు ఆమెకి తెలుసు, "ఈ నీళ్ల మీద ఒకప్పుడు" అని. చివర తెలుసు, "ఇక వంటగది కిటికీ దగ్గరికి రండి, పానీయాలు సిద్ధంగా ఉన్నాయి" అని. మధ్యలో ఉన్నదాన్ని ఐసుముక్కలు నమిలేస్తాయి. నలభైమందికి నలభై గ్లాసులు, మూడు విడతల మిక్సీ. అది పనే కదా, పని చేసుకునే మనిషి మైకులో వచ్చేదల్లా చెవి పెట్టి వింటూ కూర్చుంటుందా. అలా అనుకుంటూనే పదకొండేళ్లు గడిచాయి, నిమ్మకాయలు ఎన్ని పిండిందో, గుడ్లు ఎన్ని పగలగొట్టిందో.

"ఆ మిషను ఆపవే," అంది వెనక నుంచి అమ్మ.

ఆపలేదు. వినపడనట్టు ఇంకో గుప్పెడు ఐసు వేసింది. వంటగది గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద అమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. దొమితిలాకి ఎనభై మూడేళ్లు. చూపు మసకబారింది కానీ, రెల్లు చీల్చి పిడికెడంత బుట్టలు అల్లడానికి ఆమెకి చూపుతో పని లేదు. ఆరేళ్ల కిందట, సునీల్దా భర్త పోయిన చలికాలంలోనే, తమ ఊరు ఎదెన్ రేవు నుంచి పెద్ద ఓడలో ఒక దుప్పటి మూట, ఒక రెల్లు కట్ట తీసుకుని వచ్చింది. అప్పట్నుంచి నతాలెస్‌లో మిట్ట మీది రేకుల ఇంట్లో కిటికీ దగ్గరే. కిటికీలోంచి సముద్రం బెత్తెడు కనపడుతుంది, ఎదురింటివాళ్లు దుప్పట్లు ఆరేస్తే అది కూడా కనపడదు. ఒకసారి ఆ నీళ్ల మీదికి తీసుకుపో, అని మూడు వేసవుల్లో మూడుసార్లు అడిగింది. ఈసారి చిలోయే ద్వీపంవాడైన కెప్టెనుతో చెబితే ఆయన క్షణం ఆలోచించలేదు, "మా ఊళ్ల వైపు పెద్దావిడ, ఆవిడకి టికెట్టేంటి, తీసుకురా," అన్నాడు. మా ఊళ్ల వైపు. ఆ ముక్క సునీల్దాకి ముల్లులా గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. ఈరోజు తెల్లారగట్ట బూట్లు తొడుగుతూ చెప్పింది అమ్మకి, "లాంచీలో ఎవరేం అడిగినా చిలోయే ద్వీపం అను, కాస్త్రో దగ్గర అను." అమ్మ రెండో కాలు ముందుకి చాపింది, అంతే.

"వినపడలేదా? ఆపమన్నాను. ఆ అబ్బాయి మన సంగతేదో చెబుతున్నాడు."

మన. ఎంత తేలిగ్గా అనేసింది. సునీల్దా కిటికీలోంచి బయటికి చూసింది, ఎవరైనా విన్నారా అని. ఎవరూ ఇటు తిరగలేదు. నలభైమందీ పొట్లాల్లా చుట్టుకుని బెంచీల మీద కూర్చుని రెనాతో కేసి చూస్తున్నారు. మన అనే మాటని ఆమె తొమ్మిదో ఏట నోట్లోంచి తీసేసింది. ఎదెన్ నుంచి చదువుకని పంపించారు, నతాలెస్‌లో ఒక ఇంట్లో ఉంటూ బడికి వెళ్లేది. ఆ ఇంటావిడ మొదటిరోజే పెరట్లో నిలబెట్టి తల మీద కిరసనాయిలు పోసి బ్రష్షుతో రుద్దింది, పొగ వాసన అంటూ. పేలు లేవు తలలో, పొగ వాసన ఉన్నమాట నిజమే, గుడిసె మధ్యలో నిప్పు ఉంటే పొగ వాసన రాక ఏమొస్తుంది. అది మంచి వాసన. అమ్మ వాసన అది. బడిలో వెనక బెంచీ పిల్ల ముక్కు పట్టుకుని "పడవల పిల్ల వచ్చింది, కిటికీ తియ్యండి టీచరుగారూ" అనేది, టీచరు నవ్వు ఆపుకుంటూ కిటికీ తీసేది. మూడేళ్లకి ఇల్లు మారింది, బడి మారింది, కొత్త బడిలో ఎక్కడి దానివని అడిగితే నోరు దానంతట అదే చిలోయే అంది. ఎవరూ ముక్కు పట్టుకోలేదు. ఒక్క మాటకి అంత మహిమ ఉంటుందని పన్నెండేళ్ల పిల్లకి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత చిలోయేవాళ్లు మాట చివర తీసే రాగం నేర్చుకుంది, బంగాళాదుంపల పేర్లు నేర్చుకుంది, చిలోయేవాడినే పెళ్లి చేసుకుంది. అతనికి తెలుసు. తెలిసినవాడు ముప్ఫై ఏళ్లు ఒక్కసారీ ఎత్తలేదు. అది ప్రేమే అనుకుంది ఆమె. ప్రేమే కావచ్చు. కూతురు మరిసెల్ మాత్రం ఏళ్ల కిందట పుంతా అరెనాస్‌లో నర్సు చదువుకి దరఖాస్తు పెడుతూ మూలజాతి అని ఉన్న చోట కవేస్కర్ అని రాసి వచ్చింది. ఎందుకు రాశావే అంటే, నువ్వు దాచుకో అమ్మా, నాకు దాచడానికి చోటు లేదు, అద్దంలో అమ్మమ్మ మొహం కనిపిస్తోంది, అంది. వారం రోజులు మాటల్లేవు ఇద్దరికీ.

అమ్మ లేచి వచ్చింది. లాంచీ ఊగుతోంటే ఏమీ పట్టుకోకుండా నాలుగడుగులు వేసింది, నేల మీద నడిచేటప్పుడు గోడ పట్టుకునే మనిషి. వచ్చి, చేత్తో తడిమి, మిక్సీ తీగని గోడలోంచి ఊడబీకింది.

ఒక్కసారిగా రెనాతో గొంతు వంటగది నిండా వచ్చి పడింది. మంచి గొంతు, సాంతియాగో కుర్రాడు, నాటకాలు వేసేవాడట. "చెట్టు బెరడు కుట్టి చేసిన పడవలు. పడవ నడుమ మట్టి మెత్తి దాని మీద నిప్పు. ఆడవాళ్లు ఈ మంచునీళ్లలో మునిగి ఆలిచిప్పలు ఏరేవారు. ఒంటి మీద బట్ట ఉండేది కాదు, సముద్ర సింహం కొవ్వు పూసుకునేవారు. ఆరువేల ఏళ్లు ఇలా బతికారు. తర్వాత తోళ్ల వేటగాళ్లు వచ్చారు, జబ్బులు వచ్చాయి. కవేస్కర్ జాతి అంతరించిపోయింది. ఈ కొండల్ని వాళ్లు పెట్టిన పేర్లతో పిలిచే గొంతు ఇప్పుడు లేదు." అమ్మ తల కొంచెం పక్కకి వంచి వింటోంది, వానొస్తుందా అని చూసేటప్పుడు వంచినట్టు. "వాళ్ల జ్ఞాపకానికి ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం," అన్నాడు రెనాతో. ఇంజను మందగించింది.

సునీల్దా చేతిలో నిమ్మచెక్క అలాగే ఉండిపోయింది. ఈ మౌనం ఆమెకి తెలుసు. ఈ ఏడాది మొదట్లో రెనాతోయే వచ్చి అడిగాడు, "పిన్నీ, నేను చెప్పడం అయ్యాక ఒక్క నిమిషం ఆ మిక్సీ ఆపుతావా, మౌనం ఉంటుంది," అని. సరే బాబూ అంది. ఇంజను మందగించగానే ఆపేది. కొండ మీంచి జలపాతం పడుతున్న చప్పుడు వినడానికి కాబోలు అనుకుంది, పట్నంవాళ్లకి అలాంటివి ఇష్టం. తనూ కిటికీకి ఆనుకుని ఆ నిమిషం నీళ్ల చప్పుడు వినేది, బాగుండేది. మూడు నెలలుగా రోజూ, ఆదివారాలు తప్ప, తన చావుకి తనే మిక్సీ ఆపి నిలబడింది.

నలభైమంది తలలు వంచుకున్నారు. ఒకాయన ఉన్ని టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. జలపాతం దూరంగా బియ్యం చెరిగినట్టు చప్పుడు చేస్తోంది. ఆ నిశ్శబ్దంలో, చెవి సరిగా వినపడనివాళ్లు మాట్లాడే పెద్ద గొంతుతో, శుభ్రమైన స్పానిష్‌లో దొమితిలా అడిగింది:

"నేను పోయింది ఏ సంవత్సరంలోనట?"

టోపీ తీసినాయన తలెత్తాడు. ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. రెనాతో మైకు కిందికి దించి, పసిపిల్లలకి చూపించినట్టు పెదవి మీద వేలు పెట్టి చిరునవ్వు నవ్వాడు. "మామ్మగారూ, ఒక్క నిమిషం."

"అడగవే," అంది అమ్మ. "నాకు తెలియదు కదా. ఏ సంవత్సరమో చెప్పమను. నువ్వు పుట్టక ముందా, పుట్టాకా?"

రెనాతో కిటికీ దగ్గరికి వచ్చాడు. చెడ్డ పిల్లాడు కాదు. రోజూ తన పళ్లెం తనే కడుక్కుంటాడు. గొంతు తగ్గించి జాలిగా అడిగాడు, "పిన్నీ, అమ్మగారికి కాస్త మతిమరుపా? మా నాన్నమ్మకి కూడా అంతే. లోపల కూర్చోబెట్టు, నేను సర్దుకుంటాను."

దారి చూపించాడు. తలుపు తీసి పట్టుకున్నట్టే. అవును బాబూ అనాలి, అంతే, ఒక్క తల ఊపు. చిలోయే అన్నప్పుడూ ఇంతే తేలిక. అమ్మని భుజం పట్టి పీట మీద కూర్చోబెట్టి టీ ఇస్తే, నలభై గ్లాసులు నురగతో నింపితే, మధ్యాహ్నానికి ఎవరికీ గుర్తుండదు. అమ్మకి గుర్తుంటుంది. అమ్మ ఏమీ అనదు, రెండో కాలు ముందుకి చాపుతుంది, బూటు తొడగమని. ఆ కాలు కళ్ల ముందు మెదిలింది సునీల్దాకి, వాచిన చీలమండ, గట్టిపడిన మడమ. ఈ నీళ్లలో, ఈ చలిలో, కడుపులో తనని మోస్తూ ఆలిచిప్పల కోసం మునిగిన కాలు. అది గుర్తొచ్చి ఏదో ముంచుకొచ్చింది. ఏడుపనుకుంది ముందు. కాదు, కోపం. కోపం ఇంత వెచ్చగా ఉంటుందని మర్చిపోయింది, నిప్పు దగ్గర కూర్చున్నట్టుంది.

"మతి సరిగ్గానే ఉంది," అంది. గొంతు చిలోయే రాగం తీయలేదు. "మా అమ్మ కవేస్కర్. నేనూ కవేస్కర్‌నే. ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పు బాబూ. కాగితంలో ఉందేమో చూడు, ఏ సంవత్సరమో."

అతను నిజంగానే కాగితం కేసి చూశాడు. పాపం, చూశాడు.

తర్వాత ఏమవుతుందని ఆమె అనుకుందో ఆమెకే తెలియదు. లాంచీ ఆగిపోతుందనా, వెనక బెంచీ పిల్ల ఎక్కడినుంచో లేచి ముక్కు పట్టుకుంటుందనా. అలాంటిదేమీ జరగలేదు. జనం వచ్చి పడ్డారు. కిటికీ దగ్గర, గుమ్మం దగ్గర, ఫోన్లు పైకెత్తి. నీలం కళ్లద్దాల పెద్దావిడ ఒకరు, కన్సెప్సియోన్‌లో పంతులమ్మగా చేసి మానుకున్నానని చెప్పింది, అమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏడిచేది ఆవిడ, ఓదార్చేది అమ్మ. "ఊరుకో అమ్మాయ్, నీళ్ల మీద ఏడవకూడదు."

"మీరేనా ఆఖరివారు?" అంది పంతులమ్మ.

"దేనికి ఆఖరు?"

"మీ జాతికి."

"నన్ను ఆఖరిదాన్ని చేయడం ఇది నాలుగోసారి," అంది అమ్మ. "తెల్లబట్టల డాక్టరొకడు వచ్చి మిగిలింది పదిమంది అని రాసుకుపోయాడు. ఆ తర్వాత పేపరువాడు ఐదుగురన్నాడు. మా మాటలు రికార్డు చేసుకునే పిల్ల ముగ్గురంది. మీ అందరిదీ ఒకటే లెక్క, ముసలివాళ్లనే లెక్కపెడతారు. పిల్లల్ని అడగరు. ఇదిగో ఇది నా కూతురు, యాభై ఆరు. దీన్ని ఎవరు లెక్కపెట్టారు?"

ఎవరూ లెక్కపెట్టలేదు అమ్మా, నేనే లెక్కపెట్టుకోలేదు, అనుకుంది సునీల్దా. ఫోను ఒకటి తన మొహం మీదికి కూడా తిరిగింది. తిరగనీ. వాళ్ల భుజాల మీదుగా లాంచీ కుడి పక్క తెల్లగా వెలుగు పెరిగింది. వంపు తిరిగారన్నమాట. బాల్మసేద శిఖరం మీంచి వేలాడే మంచునది ఎదురుగా వచ్చింది. ఒక కేక, ఒక పరుగు, జనమంతా కుడి పక్కకి పోయారు. లాంచీ అటు ఒరిగింది. చచ్చిన జాతి, బతికిన ముసలమ్మ, అంతా అయిపోయింది, అందరి వీపులే కనపడుతున్నాయి. అమ్మ మాత్రం పీటని చేత్తో పట్టుకుని, తనతోపాటు తిప్పుకుని, మంచునదికి వీపు పెట్టి కూర్చుంది. తలగుడ్డ కిందికి లాక్కుంది.

పంతులమ్మ ఒక్కతే పోలేదు. "ఎండ పడి నీలంగా మెరుస్తోందండీ, చూడరా?"

"చూడం. దాన్ని తేరిపార చూస్తే దానికి నచ్చదు. గాలి లేపుతుంది. దాని ముందు నుంచి పోయేటప్పుడు పిల్లల మొహాల మీద తోలు కప్పేవాళ్లం, పెద్దవాళ్లం నీళ్లలోకి చూస్తూ తెడ్డు వేసేవాళ్లం."

"మీ భాషలో దాన్ని ఏమంటారు? ఒక్క మాట చెప్పరూ, రాసుకుంటాను."

"దాని ముందు కూర్చుని దాని పేరు చెప్పమంటావా?" అంది అమ్మ, బొత్తిగా బుద్ధిలేని పిల్లతో మాట్లాడినట్టు. "మా ఇంటికి రా. మిట్ట మీద ఇల్లు. టీ తాగుతూ చెబుతాను."

సునీల్దా గ్లాసులు తుడుస్తోంది. పదకొండేళ్లలో ఈ మంచునదిని తను ఒక్కసారీ నిలబడి చూడలేదని అప్పుడు తట్టింది. ఎప్పుడూ సరిగ్గా ఈ వంపు దగ్గర గ్లాసులు కడగాల్సి వచ్చేది, బెంచీ కింద పడ్డ చెంచా వెతకాల్సి వచ్చేది. చిన్నప్పుడు మొహం మీద కప్పిన తోలు, సముద్ర సింహం వాసన, తోలు కింద వెచ్చటి చీకట్లో తన ఊపిరి తనకే వినపడటం, బయట అమ్మ తెడ్డు నీళ్లలో దిగి లేచే చప్పుడు. అన్నీ ఉన్నాయి. కిరసనాయిలు అక్కడిదాకా పోలేదు.

"కెప్టెను రమ్మంటున్నాడు," అని రెనాతో వచ్చి చెప్పాడు, ఆమె మొహంకేసి చూడకుండా.

చుక్కాని గదిలో కెప్టెను ఎరిబెర్తో ముందుకి చూస్తూ నిలబడ్డాడు. అరవై దాటినవాడు, నిజమైన చిలోయేవాడు, చేతులు తాళ్లలా ఉంటాయి. మంచునది వెనక్కి పోతోంది, ముందు పాయ చివర తోరో రేవు కర్రల వంతెన పుల్లలా కనపడుతోంది. అక్కడ దిగి జనం అడవిలోంచి నడిచి రెండో మంచునది దాకా పోతారు.

"కాస్త్రో దగ్గర అన్నావు," అన్నాడు తల తిప్పకుండా.

"అన్నాను."

"మా అమ్మ పోతే తొమ్మిది రోజులూ వచ్చి ప్రార్థన చదివావు. గొయ్యి తీసి రాళ్లు కాల్చి మా పద్ధతిలో కురాంతో విందు వండిపెట్టావు, మా ఆవిడకంటే బాగా. అదంతా అబద్ధమేనా?"

"ప్రార్థన అబద్ధం కాదు. వంట అబద్ధం కాదు. ఊరొక్కటే అబద్ధం."

"ఎందుకు? నాతో ఎందుకు?"

"పండగలకి రెండు గ్లాసులు పడ్డాక పడవలవాళ్ల మీద మీరు చెప్పే జోకులు ఎనిమిదున్నాయి, దోన్ ఎరిబెర్తో. వరసగా చెప్పమంటే చెబుతాను. వంటగదిలోకి అన్నీ వినపడతాయి."

ఆయన మెడ ఎర్రబడింది. చుక్కాని ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పాడు, అవసరం లేకపోయినా.

"ఎర్ర కోటు వేసుకున్నాయన ఒకడున్నాడు కింద," అన్నాడు గొంతు మార్చి. "మంచునది చూద్దామని వస్తే రాజకీయాలు వినిపించారంటాడు. ఆఫీసుకి రాస్తాడట. రాస్తాడు, అలాంటివాళ్లు రాస్తారు. నేను చెప్పేది విను. రేవు పట్టేలోపు మైకులో రెండు ముక్కలు చెప్పు. పొరపాటైంది, మా అమ్మ పెద్దది, మన్నించండి. అంతే. నేను చూసుకుంటాను మిగతాది."

"ఏది పొరపాటు?"

"అది నీ మనసులో పెట్టుకో. మైకులో చెప్పేది చెప్పు. లేకపోతే వచ్చే వేసవికి నిన్నే పెట్టుకోండని నేను అడగలేను, సునీల్దా. నా మాట కూడా అక్కడ అంత చెల్లదు."

మెట్లు దిగుతూ లెక్కేసుకుంది, లెక్కంటే పెద్దదేం కాదు. రేకుల ఇల్లు తనదే. చేపలు శుభ్రం చేసే షెడ్డులో ఎప్పుడూ మనుషులు కావాలి, చేతులు పగులుతాయి, పగలనీ. ఈ వంటగది అంటే ఇష్టం. కిటికీ ఇష్టం, పొద్దున్న ఇంజను వేడెక్కుతుంటే కాఫీ కాచుకోవడం ఇష్టం, నీళ్ల మీద ఉండటం ఇష్టం. ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందని పదకొండేళ్లలో ఒక్కరూ అడగలేదు, తనూ అడగలేదు, వంటమనిషికి నీళ్లంటే ఇష్టమేమిటి. అమ్మ పీట మీద అలాగే ఉంది. బెంచీల మీద జనం సంచులు సర్దుకుంటున్నారు, కర్రలు తీసుకుంటున్నారు, బూట్ల తాళ్లు బిగిస్తున్నారు. ఎర్ర కోటాయన అందరికంటే ముందు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రెనాతో మైకు అందించాడు. "నాకు తెలియదు పిన్నీ," అన్నాడు, "కాగితంలో ఉంది, చదివాను." తెలుసు బాబూ, అంది. మైకు చేతిలో వెచ్చగా ఉంది, అతను చాలాసేపు పట్టుకున్నట్టున్నాడు.

నోరు తెరిస్తే ముందు ఊపిరే వినపడింది, లాంచీ అంతటా, తన ఊపిరి. కొందరు తలెత్తారు. మన్నించండి అనే మాట నాలుక చివరే ఉంది, ఎన్ని వేలసార్లు అన్నదో ఆ మాట, కాఫీ ఒలికితే, రొట్టె అయిపోతే, దారికి అడ్డం ఉంటే.

"నా పేరు సునీల్దా," అంది. "వంటగదిలో ఉంటాను. కెప్టెనుగారు మీకు ఒక పొరపాటు సంగతి చెప్పమన్నారు. ఇందాక మీరు ఒక నిమిషం మౌనంగా ఉన్నారు. ఆ నిమిషం వెనక్కి తీసుకోవాలి. మా వాళ్లు ఉన్నారు. ఎవరెవరున్నారో చెబుతాను. మా అమ్మ దొమితిలా. ఆ పేరు ఎదెన్‌లో సైన్యం రేడియో స్టేషను సిపాయి ఒకడు కాగితాల్లో తన మేనత్తది పెట్టాడు, అసలు పేరు వేరే ఉంది, అది మా ఇంట్లోది. నేను. నా కూతురు మరిసెల్, పుంతా అరెనాస్ ఆసుపత్రిలో నర్సు. దాని కొడుకు ఇయాన్, రెండో తరగతి, లెక్కల్లో మొద్దు. నా తమ్ముడు సిక్స్తో, ఎదెన్‌లో ఉంటాడు, పీతలు పడతాడు. వాడి భార్య నోర్మా. వాడి కొడుకులు ఉబాల్దో, ఎలియాస్."

"పెద్దవాడు," అంది అమ్మ పీట మీంచి. "పెద్దవాణ్ని వదిలేశావు."

"పెద్దవాడి పేరు రాములో. ఓడలో పనికి వెళ్లాడు, క్రిస్మస్‌కి వస్తాడు. మా పెత్తల్లి కూతుళ్లు ఎదిత్, గ్లాదిస్, జెసేనియా. జెసేనియాకి కవలలు."

లాంచీ వంతెన పక్కకి వచ్చింది. కళాసీ తాడు పట్టుకుని పైకి, చుక్కాని గది కేసి చూశాడు, దిగడానికి పలక వేయమంటారా అని. చుక్కాని గదిలోంచి ఎరిబెర్తో చెయ్యి బయటికి వచ్చి, అరచెయ్యి తెరిచి, గాల్లో అలాగే నిలబడింది. ఆగమని. ఇంజను తగ్గింది, ఆగలేదు.

"సిక్స్తో కోడలికి పోయిన నెల ఆడపిల్ల," అంది అమ్మ.

"దానికింకా పేరు పెట్టలేదమ్మా."

"పేరు పెట్టకపోతే లేనట్టా?"

"సిక్స్తో మనవరాలు," అంది సునీల్దా మైకులో, "ఆడపిల్ల, నెల నిండింది, పేరు రేపో మాపో పెడతారు." పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, ఆమె పిలుస్తున్నట్టు లేదు, తలుపు తీస్తే అవే లోపలికి వస్తున్నట్టుంది, కాళ్లకి తడి, జుట్టుకి పొగ వాసన, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ. పంతులమ్మ పుస్తకం తీసి రాసుకుంటోంది, రాయలేక వెనకబడుతోంది. రెనాతో చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. గుమ్మం దగ్గర ఎర్ర కోటాయన చేతి గడియారం చూసుకుని, అవతల చెట్ల మధ్య మెరుస్తున్న మంచుకేసి చూసి, కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టాడు. "ఇక దిగొచ్చా?" అన్నాడు.

"కూర్చోండి," అంది సునీల్దా. "ఇంకా ఉన్నారు."